కూడలియు నడచువాడును

విద్యార్థులారా! ఈ సంచికయందు చరిత్రమును, గణితమును, పౌరధర్మమును మూటిని గలిపి యొక పాఠముగా వ్రాయ దలచితిమి. పాఠవిషయము పట్టణపు కూడలి. మోటారుబండ్లకు వశమైపోయిన యొక పెద్ద కూడలిని మరల మనుష్యులు నడచి, నిలిచి, బేరమాడి, మాటలాడుకొను పేటగా మార్చుట సాధ్యమా? సాధ్యమైనచో నెట్లు? అందువలన నెవరికి లాభము, ఎవరికి నష్టము? దినమునకు రెండుమార్లు రోడ్డుదాటి బడికి వచ్చిపోవు మీకు ఈ ప్రశ్న వినోదమునకై వేసినది కాదు. తల్లిదండ్రులును దీనిని జదివి పిల్లలతో ముచ్చటింతురు గాక.

1. కూడలి యను మాట

కూడుట యను క్రియకును కూడలి యను మాటకును గల సంబంధము వినగానే తెలియును. త్రోవలు కూడుచోటు కూడలి. జనులు కూడుచోటును కూడలియే. మన పెద్దలు రచ్చబండను, చలిపందిరిని, నీడనిచ్చు రావిచెట్టును, అంగళ్లను ఇట్టి తావులయందే నిలిపిరి. నాలుగు దిక్కులనుండి వచ్చినవారు కలిసికొనుచోట బేరము సాగును. బేరము సాగుచోట ఊరు పెరుగును. పెక్కు పట్టణములు ఇట్లు పెరిగినవే.

మోటారు వచ్చిన పిదప ఈ మాట యర్థము మారెను. బండి నడుపువానికి కూడలి, ఆగక దాటవలసిన యడ్డంకి యయ్యెను. కావున దేశదేశములయందు ఇంజనీరులు కూడళ్లమీద వంతెనలను, క్రింద సొరంగములను గట్టిరి. స్వీడను రాజధానియగు స్టాక్‌హోమునందు స్లుస్సెన్ అనుచోట 1935లో నాలుగు రేకుల పువ్వువలె మెలికలు తిరిగిన పెద్ద కూడలి తెరువబడెను. ఆనాడు దానిని జూచి లోకము మెచ్చెను. ఎనుబది యేండ్లు గడచునప్పటికి నిర్మాణము శిథిలమయ్యెను. నగరపు తలంపును మారెను. 2016లో దానిని తొలగించు పని యారంభమై, నడచువారికిని, సైకిళ్లకును, బస్సులకును ఎక్కువ చోటుగల క్రొత్త కూడలి నిర్మింపబడజొచ్చెను. ఒక తరము మెచ్చినదానిని మరియొక తరము విప్పివేయుటకు కారణమేమి? దానికి మొదట లెక్క చూతము.

2. వేగమును గూర్చిన లెక్క

గంటకు 36 కిలోమీటర్ల వేగముతో పోవు బండి క్షణమునకు, అనగా సెకనుకు, 10 మీటర్లు పోవును. ఎదుట పిల్లవాడు కనబడినపుడు నడుపువాడు గ్రహించి బ్రేకు నొక్కుటకు ఒక సెకను పట్టునని యనుకొందము. అంతలో బండి 10 మీటర్లు ముందునకు వచ్చినది. బ్రేకువలన ప్రతి సెకనుకును వేగము సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గునని తీసికొన్నచో, ఆగులోపల ఇంకొక 10 మీటర్లు పోవును. మొత్తము 20 మీటర్లు.

ఇప్పుడు వేగమును రెట్టింపు చేయుడు: గంటకు 72 కిలోమీటర్లు. ఆలోచించు సెకనులో 20 మీటర్లు పోవును. బ్రేకుపడిన పిదప పోవు దూరము వేగముయొక్క వర్గమును బట్టి పెరుగునుగాన, అది 40 మీటర్లు. మొత్తము 60 మీటర్లు. వేగము రెండింతలు కాగా ఆగు దూరము మూడింతలయ్యెను. తగిలినచో దెబ్బయందలి శక్తియో నాలుగింతలు. పై తరగతులవారు ఈ లెక్కను తమంతట చేసి సరిచూచుకొనవలెను.

రెండవ లెక్క నడకను గూర్చినది. రోడ్డు వెడల్పు 14 మీటర్లనుకొందము. ముసలివారు సెకనుకు 0.8 మీటరు నడతురేని, దాటుటకు 17.5 సెకనులు పట్టును. గంటకు 36 కిలోమీటర్ల వేగముతో వచ్చు బండి ఆలోపల 175 మీటర్లు వచ్చును. అనగా అవ్వ గట్టుదిగినపుడు చూపునకు అందని బండి, ఆమె ఆవలి గట్టు చేరకమునుపే మీదికి వచ్చి నిలుచును. రోడ్డు నడుమ నిలుచుటకొక తిన్నె యున్నచో ఆమె ఒక్కొక్కసారి 7 మీటర్లు మాత్రమే దాటవలెను. అందుకు 9 సెకనులు చాలును. ఒక చిన్న తిన్నె చేయు మేలు అంతటిది.

2022లో మన దేశమునందు రోడ్డు ప్రమాదములవలన 1,68,491 మంది చనిపోయిరని కేంద్రప్రభుత్వ నివేదిక చెప్పుచున్నది. వారిలో 32,825 మంది నడచువారు. దినమునకు సుమారు 90 మంది యన్నమాట. వీరెవరును వేగమునకు ఆశపడినవారు కారు. రోడ్డు దాటదలచినవారు, అంతియే.

మూడవది చోటునుగూర్చిన లెక్క. సుమారు 3 మీటర్ల వెడల్పుగల ఒక వరుసలో కార్లే పోయినచో గంటకు 600 మొదలు 1,600 మంది వరకు పోగలరనియు, అదే వెడల్పున మనుష్యులు నడచిపోయినచో 8,000 మందికి మించి పోగలరనియు నగరవీథులను పరిశీలించినవారు లెక్కకట్టిరి. కావున నడచువారికిచ్చిన చోటు వ్యర్థమైన చోటని యనుట గణితవిరుద్ధము.

3. చార్మినారు కథ

మన తెలుగునేలయందు ఈ విషయమునకు పెద్ద దృష్టాంతము హైదరాబాదునందలి చార్మినారు. 1591లో మహమ్మదు కులీ కుతుబు షా దీనిని నాలుగు రాజమార్గములు కలియుచోట గట్టించెను. గోలకొండనుండి మచిలీపట్టణపు రేవునకు పోవు వర్తకమార్గము ఈ దారినే యుండెను. నాలుగు దిక్కులకు నాలుగు కమానులు తెరచియుండుటయే ఇది కూడలికై పుట్టిన కట్టడమని చెప్పుచున్నది. పడమట గాజుల యంగళ్లుగల లాడుబజారు, నైరృతిని మక్కామసీదు, ఉత్తరమున చార్ కమాను. 1908 సెప్టెంబరునందు మూసీనది పొంగి నగరమును ముంచిన పిదప, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంఘము పత్తర్‌గట్టీ వీథిని రాతికమానులతో తీర్చెను. ఆ కమానుల నీడన ఎండలోను వానలోను జనులు నడచి బేరమాడుదురు. నడచువానికి నీడ యక్కరయను సంగతి ఆ నిర్మాతలెరిగినదే.

తరువాత బస్సులు, లారీలు, ఆటోలు ఈ కట్టడమును చుట్టి తిరుగజొచ్చెను. పొగవలన సున్నపు పని నల్లబడెను. దాని క్రింద నిలిచి తలయెత్తి చూచుటయే కష్టమయ్యెను. 1990వ దశకమున దీని పరిసరములను నడచువారికి విడిచిపెట్టవలెనను యోచన పుట్టెను. ఆ యోచనయందు రెండు భాగములు గలవు. కట్టడము చుట్టును బండ్లను ఆపి నేలకు రాళ్లు పరచుట మొదటిది. ఆగిన బండ్లు పోవుటకు వెలుపల చుట్టుదారులు తీయుట రెండవది.

మొదటి భాగము ఏండ్ల తరబడి సాగి నెరవేరెను. నేడు చార్మినారు చుట్టును నల్లరాతి పరపుమీద పిల్లలు పరుగెత్తుచున్నారు. 2021 అక్టోబరునందు ఆదివారపు సాయంకాలములు అచ్చట జనులకొరకు సంగీతముతో, అంగళ్లతో వేడుకయు జరిపిరి. రెండవ భాగము మాత్రము చాల వెనుకబడెను. చుట్టుదారులకు ఇండ్లును అంగళ్లును తీసికొనవలసి యుండుటచేత తగవులును జాప్యమును కలిగెను. ఫలితముగా, నడుమ తొలగిన రద్దీ ప్రక్కసందులకు దొరలెను. తోపుడుబండ్లవారు, నేలపై పరచి యమ్మువారు ఎక్కడ నిలువవలెనను ప్రశ్నయు పూర్తిగా తీరలేదు.

ఈ కథనుండి మనము గ్రహింపవలసినదేమి? బండ్లను ఆపుట పనిలో సగము. ఆగిన బండికి దారిని, తొలగిన వర్తకునికి తావును ముందుగా చూపుట మిగిలిన సగము. మొదటిసగమునకు రాళ్లు చాలును. రెండవసగమునకు ఓర్పును, న్యాయమును, ధనమును గావలెను.

4. అన్యదేశముల యనుభవము

కొరియా రాజధానియగు సియోలునందు చియోంగ్యెచియోన్ అను వాగు కలదు. 1958 మొదలు దానిని కాంక్రీటుతో మూసి, పైన రోడ్డును, ఆ రోడ్డుపై వంతెనదారిని గట్టిరి. దినమునకు సుమారు 1,68,000 బండ్లు ఆ తావున తిరిగెడివి. 2003 జూలైలో వంతెనను కూల్చుట మొదలుపెట్టి, 2005 అక్టోబరు 1వ తేదీన సుమారు 5.8 కిలోమీటర్ల వాగును, దాని గట్లపై నడకదారిని జనులకు తెరచిరి. వేసవియందు వాగుప్రక్కగాలి సమీపపు రోడ్లమీది గాలికంటె చల్లగా నుండుట గుర్తించిరి.

అంత బండ్ల రద్దీ యేమాయెను? ఆ నగరము 2004లో బస్సుల యేర్పాటును సమూలముగా మార్చెను. పెద్దరోడ్ల నడుమ బస్సులకే ప్రత్యేకముగా వరుసలిచ్చెను. కారు విడిచినవానికి వేరొకదారి దొరకెను. అయితే అచ్చటను నష్టపడినవారు లేకపోలేదు. వాగువెంట అమ్ముకొను చిరువర్తకులు లేచిపోవలసి వచ్చెను. వారిలో పలువురిని ఒక పాత క్రీడాస్థలమునకు పంపిరి. కొలది యేండ్లకే ఆ స్థలమును పడగొట్టిరి. అందమైన వాగును మెచ్చునపుడు ఈ సంగతిని మరువరాదు.

అమెరికాలోని సాన్‌ఫ్రాన్సిస్కోయందు సముద్రపుటొడ్డున ఎంబార్కడెరో యను రెండంతస్తుల వంతెనదారి యుండెను. 1989 అక్టోబరు 17వ తేదీని భూకంపమున అది దెబ్బతినెను. మరల గట్టవలెనని కొందరును, వలదని కొందరును వాదించిరి. వంతెన లేకున్న బేరము పడిపోవునని చైనాపేట వర్తకులు భయపడిరి. తుదకు 1991లో దానిని తొలగించి, చెట్లును, ట్రాములును, వెడల్పయిన కాలిబాటలును గల వీథిగా మార్చిరి. అదే దేశమున రాచెస్టరు నగరము, నడిబొడ్డును చుట్టి కందకమువలె త్రవ్విన రహదారియొక్క తూర్పుభాగమును 2014 మొదలు 2017 లోపల మన్నుతో పూడ్చి, ఆ నేలపై ఇండ్లును మామూలు వీథులును ఏర్పరచెను. కూడలిని పేటగా మార్చుట యనగా నిదియే.

రోడ్డు తగ్గినచో రద్దీ తగ్గునా, ప్రక్కకు పోవునా యను సందేహము సహజము. 1990వ దశకాంతమున బ్రిటనునందు కొందరు పండితులు పెక్కు దేశములనుండి డెబ్బది వరకు ఇట్టి తావులను పరీక్షించిరి. సగము తావులయందు మొత్తము బండ్ల రాకపోకలు నూటికి సుమారు 11 పాళ్లకు మించి తగ్గెను. కొందరు వేళ మార్చుకొనిరి, కొందరు బస్సెక్కిరి, కొందరు రెండుపనులను ఒక ప్రయాణమున ముగించుకొనిరి. మిగిలిన తావులయందు తగ్గుట అంతకంటె స్వల్పము. కావున రద్దీ మాయమగుననియు, ఏమాత్రము తగ్గదనియు రెండుపక్షములవారును ఒట్టు వేయరాదు.

5. మనకు సమీపమున నున్న వీథి

కుప్పమునుండి రైలెక్కి చెన్నపట్టణమునకు పోవు మనవారు త్యాగరాయనగరములోని పాండీబజారును చూచియే యుందురు. ఆ పేట 1920వ దశకమున వెలసినది. వీథికి సర్ పిట్టి త్యాగరాయసెట్టిగారి పేరును, దాని మొదటనున్న పార్కునకు పానుగల్లు రాజాగారి పేరును పెట్టిరి. ఇరువురును తెలుగువారే, రాజాగారు మన కాళహస్తిలో జన్మించినవారు, 1921 మొదలు 1926 వరకు మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రిగా నుండినవారు.

ఆ వీథియందు కాలిబాటపై అంగళ్లు, రోడ్డుపై నిలిపిన కార్లు, వాని నడుమ కొనువారు త్రోసికొని నడచుట చిరకాలము సాగెను. 2013లో వీథివర్తకులకు ఒక భవనమును కట్టి అందులోనికి పంపిరి. 2019 నవంబరునందు కాలిబాటలను విశాలముచేసి, కూర్చుండుటకు తిన్నెలు వేసి, బండ్లకు వెడల్పు తగ్గించి వీథిని క్రొత్తగా తెరచిరి. వీథిని పూర్తిగా మూయలేదనుట గమనింపదగినది. బండి పోవచ్చును, నెమ్మదిగా పోవలెను. చిన్న పట్టణములకు ఈ మధ్యమార్గమే యెక్కువ యనుకూలము.

6. మన మూడు పట్టణములు

ఇక మన నేలకు వత్తము. 42వ నంబరు జాతీయ రహదారి అనంతపురము, కదిరి దాటి మదనపల్లెకు వచ్చి, పుంగనూరు, పలమనేరులమీదుగా కుప్పమును జేరి, కృష్ణగిరికి పోవుచున్నది. మన మూడు పట్టణములును ఒక్క దారమున గుచ్చిన పూసలు. మదనపల్లె వద్దనే తిరుపతి దిక్కునకు పోవు 71వ నంబరు రహదారియు విడిపోవుచున్నది.

ఈ రహదారి మనకు శత్రువు కాదు. మదనపల్లె సంతకు వచ్చిన టొమాటోలు లారీ యెక్కక రెండుదినములు నిలిచినచో రైతు కన్నీటిపాలగును. నీరుగట్టువారిపల్లె మగ్గాలపై నేసిన పట్టుచీరలు ఊరుదాటి పోకున్న నేతగాని యింట పొయ్యి వెలుగదు. మూడు రాష్ట్రముల పొలిమేరనున్న కుప్పమునకు రైలును, రోడ్డును రెండును ప్రాణములే. కావున లారీని తిట్టుట మా యుద్దేశము కాదు. ఊరిలో పనియున్న బండి వేరు, ఊరిని దాటిపోవు బండి వేరు అని తెలిసికొనుటయే వివేకము. దాటిపోవుదానికి వెలుపల ప్రక్కదారి తగును. పనియున్నదానికి లోపల చోటును, వేళయు నిర్ణయించుట తగును. సరకు దింపుట వేకువజామున ముగిసినచో బడివేళకు వీథి పిల్లలదగును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ప్రక్కదారి యేర్పడినంతమాత్రమున పాతరోడ్డు తనంతట క్షేమము కాదు. రద్దీ తగ్గిన వెడల్పు రోడ్డుమీద మిగిలిన బండ్లు మరింత వేగముగా పరుగిడును. వెంటనే దాని వెడల్పు తగ్గించి, కాలిబాటను పెంచి, చెట్లు నాటి, నడుమ తిన్నె గట్టవలెను. లేకున్న మొదటికంటె కడపటి స్థితి చెడ్డదగును.

కాలిబాట యనిన నెట్టిదై యుండవలెను? ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు వారి నియమముల ప్రకారము నడచుటకు విడిచిన వెడల్పు కనీసము 1.8 మీటర్లుండవలెను, అంచుగట్టు 15 సెంటీమీటర్లకు మించరాదు. ఎత్తయిన గట్టు ముసలివారిని రోడ్డుమీదికి దింపును. ఆ వెడల్పునందు స్తంభము గాని, మోటారుసైకిలు గాని, మురుగుకాలువమీది విరిగిన బండ గాని యుండరాదు.

తోపుడుబండ్లవారి సంగతి మరువరాదు. వారిని తరుమగొట్టి ఏర్పరచిన శుభ్రత అన్యాయపు శుభ్రత. 2014లో వచ్చిన వీథివర్తకుల చట్టము, పట్టణమునందలి వర్తకులను లెక్కించి, వారికి తావులు చూపి, ఆ పిదపనే మార్పులు చేయవలెనని విధించుచున్నది. ఇందుకై యేర్పడు సంఘమునందు నూటికి 40 మందికి తగ్గకుండ వీథివర్తకుల ప్రతినిధులుండవలెను. ఆ ప్రతినిధులలో మూడవవంతు స్త్రీలుండవలెను. కూడలిని మార్చుటకు పటమును గీయుదినముననే పూలమ్ము నామెను పిలిచి యడుగవలెను. ఏ గడియయందు ఏ వైపున నీడపడునో, జనులెచ్చట నిలుతురో ఆమెకు తెలిసినంత పటము గీయువారికి తెలియదు. పైగా రాత్రివేళ ఆమె దీపమే ఆ మూలకు కావలి.

7. అభ్యాసము

చదివి విడిచిపెట్టినచో పాఠము పూర్తికాదు. ఉపాధ్యాయుల యనుమతితో, పెద్దల తోడున, బడిగేటు లోపలనే నిలిచి ఈ పనులు చేయుడు.

మొదటిది: ఉదయము పావుగంటసేపు గేటుముందు పోవువారిని లెక్కించుడు. నడచువారెందరు, సైకిళ్లెన్ని, మోటారుసైకిళ్లెన్ని, ఆటోలు, బస్సులు, లారీలు ఎన్ని? ఒక్కొక్క బండిలో నెందరున్నారో యంచనా వేసి, బండ్లను గాక మనుష్యులను గూడుడు.

రెండవది: మీ యవ్వగారో తాతగారో బడి మైదానమున 14 మీటర్లు నడచుటకు ఎన్ని సెకనులు పట్టునో గడియారముతో చూడుడు. పై లెక్కతో పోల్చుడు.

మూడవది: ఇంటినుండి బడివరకు త్రోవపటమును గీయుడు. నీడగలచోటు పచ్చరంగుతోను, కాలిబాట తెగినచోటు ఎర్రరంగుతోను గుర్తింపుడు.

నాలుగవది: కూడలిలో అమ్ముకొను ఒకరిని మర్యాదగా పలుకరించి, వారి తావును మార్చవలసివచ్చిన ఏమి కోరుదురో యడిగి వ్రాయుడు.

ఈ నాలుగును చేసిన తరగతివారు తమ పటములను గూర్చి, ఎర్రగీతలు ఎక్కువగా పడినచోటును చూపి, పురపాలక సంఘమునకు ఒక విన్నపము వ్రాయవచ్చును. ఆవేశముతో వ్రాసినదానికంటె కొలతతో వ్రాసినదానికి బలమెక్కువ. కందకమును పూడ్చుటయు, వంతెనను విప్పుటయు మన పట్టణములకు అక్కరలేని పనులు. ఆ పొరపాట్లు మనము ఇంకను చేయలేదు. మనకు గావలసినవి నడుమ నొక తిన్నె, ఆరడుగుల కాలిబాట, కొన్ని చెట్లు, అమ్ముకొనువారికి తావు, బడివేళ లారీకి నిలుపుదల. ఇవి యైదును చిన్నపనులు. వీనివలన ఒక్క బిడ్డ క్షేమముగా ఇల్లు జేరినను, ఖర్చు వ్యర్థముకాలేదని పౌరులందరు ఒప్పుకొందురు.